కన్సోల్ కొనాలా, పీసీ చేయించాలా? విశాఖలో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

దసరాకి ముందు ఒకసారి, ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక ఒకసారి నా ఫోన్‌కి తీరిక ఉండదు. చుట్టాలు, ఆఫీసువాళ్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "పీఎస్5 తీసుకోమంటావా, పీసీ చేయించుకోమంటావా?" పీఎస్5 అంటే సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 5, టీవీకి తగిలించి గేమ్‌లు ఆడే కన్సోల్ డబ్బా. ఆ వెంటనే ఇంకో ప్రశ్న, "అసలు ఈ కన్సోల్స్ ఇంకెన్నాళ్లుంటాయి?" నేనుండేది పెదవాల్తేరులో. నా జీతం వేరే పనిలో వస్తుంది, గేమ్‌లతో నాకు వ్యాపారం లేదు. కానీ నెట్ సెంటర్‌లో గంట లెక్కన డబ్బులు కట్టి కౌంటర్ స్ట్రైక్ ఆడిన రోజుల నుంచి ఈ పిచ్చి వదల్లేదు. అందరికీ విడివిడిగా వాయిస్ మెసేజ్‌లు పెట్టే ఓపిక అయిపోయింది కాబట్టి ఒకచోట రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## కొనాలా వద్దా అని ఆలోచించే దశ

కన్సోల్స్ పని అయిపోయిందట కదా? అందరూ పీసీ వైపే వెళ్తున్నారంటున్నారు

అంకెలు అలా చెప్పడం లేదు. పీఎస్5లు 8 కోట్లకి పైగా అమ్ముడయ్యాయి. పాత నింటెండో స్విచ్ 15 కోట్లు దాటింది. మరోవైపు పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో 2025 మార్చిలో ఒకే సమయంలో 4 కోట్ల మందికి పైగా లాగిన్ అయి ఉన్నారు. రెండూ బతికే ఉన్నాయి, బాగానే ఉన్నాయి.

పోతున్నది మధ్యలో ఉన్న గోడ. పదిహేనేళ్ల క్రితం ప్లేస్టేషన్ గేమ్ ఆడాలంటే ప్లేస్టేషన్ కొనాల్సిందే. 2018లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ 2022 జనవరిలో పీసీకి వచ్చింది. 2020 నాటి ఘోస్ట్ ఆఫ్ సుషిమా 2024లో వచ్చింది. హెల్‌డైవర్స్ 2 అయితే 2024 ఫిబ్రవరిలో పీఎస్5కీ పీసీకీ ఒకే రోజు దిగింది. గేమ్ ఎక్కడ దొరుకుతుందన్నది ఏటేటా చిన్న ప్రశ్న అయిపోతోంది.

నా లెక్కలో ఇక మిగిలే తేడా ఒక్కటే: బాధ్యత ఎవరిది అన్నది. కన్సోల్‌లో అప్‌డేట్లు, సెట్టింగులు, గేమ్ నడుస్తుందా లేదా అన్న పూచీ కంపెనీది. దానికి బదులుగా ఏ దుకాణంలో కొనాలో, ఎంతకి కొనాలో కూడా కంపెనీయే చెబుతుంది. పీసీలో ఎవరూ ఏదీ చెప్పరు. పాడైనప్పుడూ ఎవరూ రారు.

లోపల ఉండే సరుకు రెండింట్లోనూ ఒకటేనట, నిజమా?

చాలావరకు నిజం. 2006 నాటి పీఎస్3లో సెల్ అనే వింత ప్రాసెసర్ ఉండేది. దానికి గేమ్ రాయడం డెవలపర్లకి నరకం. 2013లో పీఎస్4, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ వన్ రెండూ చిప్‌ల కంపెనీ ఏఎమ్‌డీ వాళ్ల పీసీ తరహా చిప్‌కి మారిపోయాయి. 2020లో వచ్చిన పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లలోనూ ఏఎమ్‌డీవే: జెన్ 2 ప్రాసెసర్, ఆర్‌డీఎన్ఏ 2 గ్రాఫిక్స్, 16 జీబీ మెమరీ. అందుకే ఇప్పుడు గేమ్‌ని ఒకదాని నుంచి ఇంకోదానికి తేవడం అంత కష్టం కాదు.

తేడా ఎక్కడంటే, కన్సోల్ డబ్బాలు కోట్లలో ఉన్నా అన్నీ ఒకే మోడల్. డెవలపర్ ఆ ఒక్కదాని మీద నెలల తరబడి పరీక్షించుకుంటాడు. మీ పీసీ లాంటి పీసీ పక్కింట్లో కూడా ఉండదు.

ఎక్స్‌బాక్స్ గేమ్‌లన్నీ ప్లేస్టేషన్‌లోకి వచ్చేస్తున్నాయి. మరి ఎక్స్‌బాక్స్ కొనడం ఎందుకు?

ఈ ప్రశ్నకి మైక్రోసాఫ్టే తడుముకుంటోంది. యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే గేమ్ కంపెనీని 2023 అక్టోబరులో దాదాపు 6,900 కోట్ల డాలర్లకి కొన్నాక, ఆ డబ్బు ఒక్క ఎక్స్‌బాక్స్ డబ్బా మీద రాబట్టడం కుదరని పని. ఫోర్జా హొరైజన్ 5, ఇండియానా జోన్స్, గేర్స్ ఆఫ్ వార్ 2025లో పీఎస్5కి వచ్చేశాయి. ఎక్స్‌బాక్స్‌కి ముఖచిత్రం లాంటి హేలోని కూడా పీఎస్5కి ప్రకటించారు. ఎక్స్‌బాక్స్ గేమ్‌లు పీసీలోనూ వస్తాయి కాబట్టి, ఇంట్లో మంచి పీసీ ఉన్నవాళ్లకి ఆ డబ్బా అక్కర్లేదు. గేమ్ పాస్ (నెల చందా కట్టి గేమ్‌లు ఆడే ఎక్స్‌బాక్స్ పథకం) కోసం కొనేవాళ్లు అదీ సరిచూసుకోండి: అల్టిమేట్ ప్లాన్ అమెరికాలో 2025 అక్టోబరులో నెలకి 20 డాలర్ల నుంచి ఒక్కసారిగా 30 అయింది. మన దగ్గరా పెరిగింది.

జీటీఏ 6 కోసమే కొంటున్నాను. ఏది తీసుకోను?

కన్సోల్. ఆ గేమ్ చేసే రాక్‌స్టార్ 2026 నవంబరు 19 అని ప్రకటించినది పీఎస్5కీ, ఎక్స్‌బాక్స్ సిరీస్‌కీ మాత్రమే. పాత అలవాటు చూడండి: జీటీఏ 5 కన్సోల్స్‌లో 2013 సెప్టెంబరులో వస్తే పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కి ఏడాదికి పైగా పట్టింది. పీసీవాళ్లు ఏడాది పాటు యూట్యూబ్‌లో స్పాయిలర్లు తప్పించుకుంటూ బతకాలి. ఆ నిగ్రహం ఉంటే ఆగండి.

మావాడు గాయత్రిలోనో గీతంలోనో ఇంజినీరింగ్‌లో చేరతాడు. గేమింగ్ ల్యాప్‌టాప్ కొంటే చదువూ గేమూ రెండూ అయిపోతాయి కదా?

అవుతాయి. కానీ రెండూ సగం సగమే. గేమింగ్ ల్యాప్‌టాప్ రెండున్నర కిలోలు, దాని చార్జర్ ఇంకో ఇటుక. రుషికొండ బస్సులో నాలుగేళ్లు మోయాల్సింది మీరు కాదు, మీ అబ్బాయి. గేమ్ మొదలవగానే ఫ్యాన్లు విమానంలా అరుస్తాయి. ప్లగ్ తీస్తే స్పీడ్ పడిపోతుంది. గ్రాఫిక్స్ చిప్ బోర్డుకి అతికించి ఉంటుంది కాబట్టి మూడేళ్లకి పాతబడితే మార్చలేరు.

ఇంటి నుంచి కాలేజీకి వెళ్లేవాడైతే, తేలికైన మామూలు ల్యాప్‌టాప్ ఒకటి, ఇంట్లో పీఎస్5 ఒకటి. ఈ కాంబినేషన్‌కి చాలాసార్లు ఒక మంచి గేమింగ్ ల్యాప్‌టాప్ ఖర్చే అవుతుంది. హాస్టల్ అయితే ల్యాప్‌టాప్ ఒక్కటే దిక్కు. త్రీడీ డిజైన్, వీడియో ఎడిటింగ్, మెషిన్ లెర్నింగ్ లాంటివి నిజంగా చేస్తాడనుకుంటే డెస్క్‌టాప్ పీసీకి ఓటేస్తాను. "చేస్తానంటున్నాడు" అని మాత్రం కొనకండి. ఆ వయసులో మేమూ అలాగే అన్నాం.

పీఎస్5 ఇప్పుడు కొననా, పీఎస్6 దాకా ఆగనా?

పీఎస్3 2006లో, పీఎస్4 2013లో, పీఎస్5 2020లో వచ్చాయి. అంతా ఆ ఏడేళ్ల లెక్క చూసుకుని ఆగుతున్నారు. కానీ కొత్త కన్సోల్ వచ్చినంత మాత్రాన పాతది మూలపడదు. పీఎస్5 వచ్చాక కూడా ఏళ్ల తరబడి పెద్ద గేమ్‌లు పీఎస్4కి వస్తూనే ఉన్నాయి. పైగా కన్సోల్ పాతబడితే చవకవుతుందన్న సూత్రం ఈ తరానికి పనిచేయలేదు. పీఎస్2 అమెరికాలో 299 డాలర్లకి మొదలై 99కి దిగింది. పీఎస్5 అక్కడ 499తో మొదలై 2025 ఆగస్టులో 549 అయింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 499 నుంచి 649కి ఎక్కింది. ఆగితే రేటు తగ్గుతుందన్న ఆశతో ఆగకండి. ఆడటానికి టైమ్ లేకపోతే మాత్రం ఆగండి.

ఆన్‌లైన్ గేమింగ్‌ని కేంద్రం బ్యాన్ చేసింది కదా, ఇవి కొంటే ఇబ్బంది రాదా?

రాదు. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం నిషేధించింది డబ్బు పందెం పెట్టి ఆడే ఆటలని. ఆంధ్రలో ఆన్‌లైన్ రమ్మీ లాంటివి 2020 నుంచే కుదరవు. కన్సోల్, పీసీ గేమ్‌లు వేరు, ఈ-స్పోర్ట్స్‌ని అయితే ఆ చట్టమే గుర్తించింది.

పీఎస్5లో బీజీఎమ్ఐ ఆడొచ్చా?

కుదరదు, అది ఫోన్ పబ్‌జీకి మన దేశపు రూపం, ఫోన్లకే. కన్సోల్, పీసీల్లో ఉండేది అసలు పబ్‌జీ. 2022 జనవరి నుంచి ఉచితం. ఫోన్‌లో కొన్న స్కిన్లు (పాత్రల వేషాలు, తుపాకుల రంగులు) అందులోకి రావు.

## డబ్బులు బయటికి తీసే దశ

పీఎస్5 డబ్బుతో పీఎస్5 అంత పీసీ వస్తుందా?

2024 ఏప్రిల్‌లో సన్నటి (స్లిమ్) పీఎస్5 మన దగ్గర డిస్క్‌తో రూ.54,990, డిజిటల్ (డిస్క్ పెట్టే చోటు లేనిది) రూ.44,990కి వచ్చింది. అదే డబ్బుకి కొత్త విడిభాగాలతో అంత పీసీ చేయడం అప్పుడే కష్టం. ఇప్పుడైతే అసలు కుదరదు. కొంచెం మంచి గ్రాఫిక్స్ కార్డుకే ముప్పై వేల చుట్టూ పోతుంది. ఆ తర్వాత ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎమ్‌పీఎస్ (కరెంటు సప్లై డబ్బా), క్యాబినెట్. మానిటర్, కీబోర్డు, మౌస్‌ని జనం ఎప్పుడూ లెక్కలో వేయరు. కన్సోల్‌కి మాత్రం ఇంట్లో ఉన్న టీవీ సరిపోతుంది.

అయితే లెక్క అక్కడ ఆగదు. పీఎస్5 కొత్త పెద్ద గేమ్ ఐదు వేల దగ్గర ఉంటుంది. ఏడాదికి నాలుగు కొంటే ఇరవై వేలు. ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్ ఆడటానికి పీఎస్ ప్లస్ చందా వేరు. పీసీలో ఆన్‌లైన్‌కి చందా లేదు. స్టీమ్ సేల్స్‌లో రెండేళ్ల నాటి గేమ్‌లు సగం కంటే తక్కువకి పడిపోతాయి. స్టీమ్‌కి పోటీ దుకాణం ఎపిక్ వాళ్లు 2018 చివరి నుంచి ఉచితంగా గేమ్‌లు పంచుతూనే ఉన్నారు. ఏడాదికి ఒకటి రెండు గేమ్‌లు ఆడేవాళ్లకి కన్సోల్ చవక. అన్నీ కొనిపడేసే జబ్బున్నవాళ్లకి నాలుగో ఏడు వచ్చేసరికి పీసీ చవక. మీరు ఏ రకమో మీకే తెలియాలి. నా స్టీమ్ లైబ్రరీలో ఇన్‌స్టాల్ కూడా చేయనివి సగం.

ర్యామ్ రేటు ఏంటండీ ఇలా పెరిగిపోయింది?

ఏఐ డేటా సెంటర్ల వల్ల. మెమరీ చిప్‌లు చేసే కంపెనీలు ప్రపంచంలో ప్రధానంగా మూడే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. వాళ్ల ఫ్యాక్టరీలు ఎక్కువ లాభం వచ్చే సర్వర్ మెమరీ వైపు తిరగడంతో 2025 చివరి నుంచి మామూలు ర్యామ్‌కి కటకట మొదలైంది. మైక్రాన్ అయితే జనానికి అమ్మే క్రూషియల్ బ్రాండ్‌నే వదిలేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇది పీసీకే పరిమితం అనుకోకండి, కన్సోల్‌లోనూ ఉండేది ఆ కంపెనీల మెమరీయే. కాకపోతే కన్సోల్ కంపెనీలు కోట్లలో ముందే ఒప్పందం చేసుకుంటాయి, ద్వారకానగర్ షాపతను నిన్నటి హోల్‌సేల్ రేటుకి తెచ్చుకుంటాడు. అందుకే కొటేషన్ తీసుకున్న రోజే కొనండి. వారం తర్వాత వెళ్తే అదే కాగితం మీద వేరే అంకె రాస్తారు. ఆ అంకె పెరిగినందుకు ఆయన్ని తిట్టి లాభం లేదు.

డిస్క్ ఉన్న పీఎస్5 తీసుకోనా, డిజిటల్ సరిపోతుందా?

విశాఖలో ఉంటూ డబ్బు చూసుకునేవాళ్లకి డిస్కే. ఐదు వేలకి కొన్న గేమ్ నెలలో పూర్తి చేసి, వాట్సాప్ గ్రూపులో పెడితే సిరిపురం జంక్షన్‌లో ఎవరో ఒకరు వచ్చి మూడు వేలకో ఎంతకో పట్టుకెళ్తారు. లేదా ఇద్దరు ఫ్రెండ్స్ చెరొకటి కొని మార్చుకోవచ్చు. డిజిటల్‌లో ఆ దారి లేదు. సేల్ వచ్చేదాకా ఆగే ఓపిక ఉంటే డిజిటల్‌తో నష్టం లేదు. సన్నటి పీఎస్5కి డిస్క్ డ్రైవ్ తర్వాత విడిగా కూడా పెట్టుకోవచ్చు.

పీఎస్5 ప్రో, స్టీమ్ డెక్, స్విచ్ 2... మా బావ దుబాయ్ నుంచి తెస్తానంటున్నాడు, తెప్పించుకోనా?

తెప్పించుకోవచ్చు, తెలిసి తెప్పించుకోండి. పీఎస్5 ప్రో 2024 నవంబరులో వచ్చినప్పుడు మన దేశంలో విడుదల కాలేదు. అందులోని వై-ఫై 7 వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి ఇక్కడ అప్పటికి అనుమతి లేకపోవడమే కారణమని సోనీ చెప్పింది. చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్‌ని, స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ ఇక్కడ అధికారికంగా అమ్మలేదు. స్విచ్ 2 చేసే నింటెండోకి ఇక్కడ సొంత అమ్మకాల వ్యవస్థ లేదు.

బయటి నుంచి వచ్చినదానికి ఇక్కడ వారంటీ ఉండదు. పాడైతే బావ మళ్లీ సెలవులకి వచ్చినప్పుడే దానికి మోక్షం. ప్లేస్టేషన్ డిస్క్‌లు ఏ దేశానివైనా ఆడతాయి కానీ, వాటికి అదనంగా కొనే కంటెంట్ మాత్రం డిస్క్ రీజియన్, అకౌంట్ రీజియన్ కలవకపోతే పనిచేయదు. బిల్లు బావ దగ్గర ఉంచమనండి, ఎయిర్‌పోర్టులో కస్టమ్స్‌వాళ్లు అడిగితే చూపించాలి.

సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు సగం ధరకే వస్తోంది. తీసుకోమంటారా?

నడిపించి చూపిస్తేనే. నేను ఒకసారి పార్కింగ్‌లో నిలబడి డబ్బులిచ్చి కార్డు తెచ్చుకున్నాను. అమ్మినతను మర్యాదస్తుడిలా కనిపించాడు, కొత్త అట్టపెట్టె, లోపల నురగ కూడా ఉంది. ఇంటికొచ్చి బిగిస్తే విండోస్ బాగానే వచ్చింది. గేమ్ పెట్టిన ఇరవై నిమిషాలకి తెర మీద ఆకుపచ్చ గళ్లు, ఆ తర్వాత చీకటి. విప్పి చూస్తే స్క్రూల తలలు అప్పటికే ఎవరో అరగదీశారు. ఫోన్ చేస్తే నంబర్ స్విచాఫ్. అప్పటి నుంచి నా నియమం: వాళ్లింట్లో, వాళ్ల పీసీలో, అరగంట బరువైన గేమ్ నడవాలి. అప్పుడు ఫ్యాన్ చప్పుడు, వేడి, స్క్రూలు చూసి డబ్బులు తీస్తాను. క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్లు నలిగిన కార్డులు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

## ఇంటికి తెచ్చాక

మాది బీచ్ రోడ్డు దగ్గర. ఉప్పుగాలికి పీసీ, పీఎస్5 పాడైపోతాయా?

హైదరాబాద్‌వాళ్లు రాసే సలహాల్లో కనపడని ప్రశ్న ఇది. మన ఊళ్లో మొదటి ప్రశ్న ఇదే కావాలి.

గాలిలో సన్నటి ఉప్పు కణాలు ఉంటాయి. ఉప్పు తేమని లాగుతుంది, ఆ తడి రాగి మీద, సోల్డర్ మీద కూర్చుని తింటూ పోతుంది. మా ఇల్లు సముద్రానికి కిలోమీటరు కూడా ఉండదు. రెండేళ్ల తర్వాత పీసీ పక్క ప్లేట్ తీసి చూశాను. ముందు ఫ్యాన్ రెక్కల అంచుల మీద దుమ్ము మామూలుగా రాలడం లేదు, తడి పిండిలా అతుక్కుని ఉంది. వేలితో రాస్తే జిగట. వెనక మదర్‌బోర్డు పోర్టుల ఇనుప అంచు మీద గోధుమ రంగు చుక్కలు. క్యాబినెట్ స్క్రూలు రెండు తుప్పుతో బిగుసుకుపోయి డ్రైవర్ జారిపోయింది. ఆ ఏడాది వానాకాలంలోనే నా పీఎస్4 హెచ్‌డీఎమ్ఐ పోర్టు పోయింది. సర్వీస్‌కి ఇస్తే ఊళ్లో చేయలేమని వేరే ఊరికి పంపారు. ఐదు వారాల తర్వాత తుప్పు వారంటీలోకి రాదన్న కాగితంతో తిరిగొచ్చింది.

వాడుతున్నప్పటికంటే ఆపేసి ఉన్నప్పుడే ఎక్కువ నష్టం. నడుస్తున్న మెషిన్ వేడికి తేమ పోతుంది. నెలల తరబడి ముట్టుకోకుండా వదిలేస్తే అది తడిలో నానుతుంది. కాబట్టి వాడకపోయినా వారానికి ఒకసారి గంట ఆన్ చేయండి. సముద్రం వైపు కిటికీకి ఎదురుగా పెట్టకండి. ఏసీ ఉండే గది ఉంటే అందులో పెట్టండి. ఆపి చల్లారాక కవర్ కప్పండి, నడుస్తున్నప్పుడు ఎప్పుడూ వద్దు. నెలకోసారి బ్లోయర్, ఏడాదికోసారి విప్పి శుభ్రం.

ఈ విషయంలో మాత్రం పీసీదే పైచేయి. పోర్టు పోతే బోర్డు మారుతుంది, ఫ్యాన్ పోతే కొన్ని వందలకి కొత్తది బిగించుకుంటారు. పీఎస్5 విప్పేటప్పుడు జాగ్రత్త: ప్రాసెసర్ మీద మామూలు థర్మల్ పేస్ట్ ఉండదు, లిక్విడ్ మెటల్ ఉంటుంది. అది తెలియని రిపేరువాడు విప్పితే ఆ లోహం జారి బోర్డు షార్ట్ అవుతుంది. ఇవ్వబోయే ముందు "లోపల ఏముంటుందో తెలుసా?" అని ఒక్క ప్రశ్న అడగండి. మధురవాడ, పెందుర్తి వైపు లోపలికి ఉన్నవాళ్లకి ఇంత బెంగ అక్కర్లేదు.

కరెంటు పోయి వస్తుంటుంది. యూపీఎస్ పెట్టాలా?

పీసీకి తప్పనిసరి అనే అంటాను. కానీ షాపులో అలవాటుగా ఇచ్చే 600 వీఏ యూపీఎస్ మోసేది సుమారు 360 వాట్లే. పెద్ద గ్రాఫిక్స్ కార్డు గేమ్ మధ్యలో ఉండగా కరెంటు పోతే అది కుయ్యిమని అరిచి చేతులెత్తేస్తుంది. అలాంటి పీసీకి 1000 వీఏ పైన చూడండి. పీఎస్5 తాగేది సుమారు 200 వాట్లు కాబట్టి చిన్న యూపీఎస్ మీదే సేవ్ చేసుకుని ఆపేంత టైమ్ దొరుకుతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడపాలంటే అది ప్యూర్ సైన్ వేవ్ రకమై ఉండాలి. అయినా మారే ఆ క్షణంలో పీసీ రీస్టార్ట్ అవ్వొచ్చు.

కరెంటు బిల్లు మోత మోగుతుందా?

రోజూ రెండు గంటలు పీఎస్5 ఆడితే నెలకి 12 యూనిట్లు. మీ ఇల్లు 225 యూనిట్ల స్లాబు దాటి ఉంటే యూనిట్ రూ.8.75 చొప్పున నూరు రూపాయల చిల్లర. గట్టి పీసీకి దీనికి రెట్టింపు వేసుకోండి. అసలు బిల్లు గేమ్‌ది కాదు, మే నెలలో ఆ గదిలో వేసే ఏసీది.

నెట్ వంద ఎమ్‌బీపీఎస్ ఉంది. అయినా గేమ్‌లో లాగ్ ఎందుకు?

స్పీడ్ వేరు, పింగ్ వేరు. వంద ఎమ్‌బీపీఎస్ అంటే 100 జీబీ గేమ్ రెండుంపావు గంటల్లో దిగుతుంది, అంతే. లాగ్‌ని తేల్చేది మీ బటన్ నొక్కు సర్వర్‌కి వెళ్లి తిరిగి రావడానికి పట్టే టైమ్, అదే పింగ్. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకి 200 కిలోమీటర్లే వెళ్తుంది, పైగా తీగ తిన్నగా ఉండదు. మన నుంచి ముంబై సర్వర్‌కి నా ఇంట్లో 35 నుంచి 45 మిల్లీసెకన్లు చూపిస్తుంది. అది బాగానే ఉన్నట్టు. గేమ్ మిమ్మల్ని సింగపూర్‌కి తోసేస్తే ఇంకా పెరుగుతుంది, సెట్టింగ్స్‌లో రీజియన్ చూసుకోండి.

అంతకంటే ముందు వై-ఫై మానేసి కేబుల్ లాగండి. ఎమ్‌వీపీ కాలనీ అపార్ట్‌మెంట్లలో ఒక్కో ఫ్లోర్‌లో పదిహేను రౌటర్లు ఒకదాని మీద ఒకటి అరుస్తుంటాయి. పది మీటర్ల కేబుల్‌తో పోయే లాగ్ కోసం జనం రెండు వేల రూపాయల ప్లాన్‌కి మారుతున్నారు.

పిల్లలు టీవీ వదలడం లేదు. ఏది కొంటే కంట్రోల్‌లో ఉంటారు?

కన్సోల్. హాల్లో ఉంటుంది, ఏం ఆడుతున్నారో వంటింట్లోంచి కూడా కనపడుతుంది. పిల్లల అకౌంట్‌కి రోజుకి ఇంత టైమ్, ఇంత ఖర్చు అని ఫోన్ నుంచే పెట్టొచ్చు. పీసీ అయితే తలుపు వేసిన గదిలో ఉంటుంది, ప్రతిదానికీ "అసైన్‌మెంట్" అనే జవాబు ఉంటుంది. కార్డు వివరాలు మాత్రం ఏ అకౌంట్‌లోనూ సేవ్ చేయకండి, గిఫ్ట్ కార్డు కొని వేయండి.

## ముందు ముందు ఏమవుతుంది

విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోంది కదా. ఇక క్లౌడ్‌లో ఆడుకోవచ్చు, డబ్బాలు ఎందుకు?

2025 అక్టోబరులో ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల ప్రాజెక్టు ఏఐ కోసం. అందులో గేమ్ సర్వర్లు పెడతామని చెప్పినట్టు కాదు. సముద్రం కింద నుంచి వచ్చే కేబుల్ విశాఖ దగ్గర ఒడ్డెక్కితే విదేశీ ట్రాఫిక్ దారి దగ్గరవుతుంది. అది మంచిదే. కానీ మీరు ఆడే గేమ్ సర్వర్ ముంబైలో ఉంటే మీ పింగ్ అక్కడికే కొలవాలి.

క్లౌడ్ గేమింగ్ అంటే గేమ్ ఎక్కడో ఉన్న సర్వర్‌లో నడిచి, బొమ్మ మాత్రం నెట్ మీద మీ తెరకి రావడం. దానిది అసలే కష్టమైన లెక్క. సెకనుకి 60 ఫ్రేముల గేమ్‌లో ఒక్కో బొమ్మకి ఉండేది 16.7 మిల్లీసెకన్లు. దారిలోనే నలభై పోతే మీ తుపాకీ మీరు నొక్కిన రెండు మూడు బొమ్మల తర్వాత పేలుతుంది. కథ నడిచే గేమ్‌లకి, నిదానంగా ఆలోచించి ఆడేవాటికి పరవాలేదు. పోటీ షూటర్లకి పనికిరాదు. గూగుల్ తన సొంత క్లౌడ్ గేమింగ్ స్టేడియాని 2019లో తెరిచి 2023 జనవరిలో మూసేసింది. మన దేశానికి అది రానే లేదు. ఎక్స్‌బాక్స్ క్లౌడ్ 2025 నవంబరులో ఇక్కడికి వచ్చింది. పాత ల్యాప్‌టాప్‌లో ఒక నెల తీసుకుని చూడండి, మీ నెట్‌కి కుదిరితే అదృష్టమే. డబ్బాని అమ్మేసి మాత్రం చూడకండి.

మరి కన్సోల్, పీసీ కలిసిపోతాయా?

కలవడం మొదలైంది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ చూడటానికి చేతి కన్సోల్, లోపల లినక్స్ నడిచే పీసీ. 2025 అక్టోబరులో ఆసుస్ చేసిన ఆర్ఓజీ ఎక్స్‌బాక్స్ ఆలై పేరుకి ఎక్స్‌బాక్స్, ఒంటికి విండోస్ పీసీ. నవంబరులో వాల్వ్ స్టీమ్ మెషిన్ ప్రకటించింది: టీవీ కింద పెట్టుకునే చిన్న పీసీ, కన్సోల్‌లాగే ఒక్క బటన్‌తో ఆన్ అయ్యేలా. తర్వాతి తరం ఎక్స్‌బాక్స్ కోసం మైక్రోసాఫ్ట్, ప్లేస్టేషన్ కోసం సోనీ, రెండూ మళ్లీ ఏఎమ్‌డీతోనే పనిచేస్తున్నాయి.

నా అంచనాకి ఎక్స్‌బాక్స్ అనేది పీసీలో ఒక రకంగా మిగులుతుంది. నింటెండో తన గోడ తాను కట్టుకుని హాయిగా ఉంటుంది, మారియో కోసం జనం ఆ గోడ లోపలికి వెళ్తూనే ఉంటారు. ప్లేస్టేషన్ ఒక్కటే పాత అర్థంలో కన్సోల్‌గా నిలుస్తుంది. ఒక చిక్కు ఉంది. స్టీమ్ డెక్‌లో ఉండే లినక్స్, అంటే స్టీమ్ ఓఎస్ మీద వాలరంట్, ఫోర్ట్‌నైట్ లాంటి పోటీ గేమ్‌లు నడవవు, వాటిలో మోసాన్ని పట్టుకునే యాంటీ-చీట్ ప్రోగ్రామ్ ఒప్పుకోదు. మీ గ్రూపంతా పీసీలో వాలరంట్ ఆడేవాళ్లయితే విండోస్ పీసీ తప్పదు.

డౌన్‌లోడ్ చేసి కొన్న గేమ్ ఎప్పటికీ నాదేనా?

మీరు కొన్నది ఆడే అనుమతి. ద క్రూ అనే రేసింగ్ గేమ్‌ని 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసి మూసేశారు. డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఒంటరిగా కూడా ఆడలేకపోయారు. కన్సోల్, పీసీ రెండు చోట్లా ఇదే పరిస్థితి. పీసీలో జీఓజీ లాంటి చోట కొంటే ఇన్‌స్టాలర్ ఫైల్ దాచుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కన్సోల్‌లో దానికి దగ్గరగా వచ్చేది డిస్క్, అదీ పూర్తి గేమ్ అందులో ఉంటేనే. స్విచ్ 2కి వచ్చే కొన్ని కార్డుల్లో గేమ్ ఉండదు, డౌన్‌లోడ్ చేసుకునే తాళంచెవి మాత్రమే ఉంటుంది. అట్ట మీద రాసి ఉంటుంది, చదివి కొనండి.

మన తెలుగులో పెద్ద గేమ్‌లు ఎప్పుడొస్తాయి?

మన దేశపు స్టూడియోలు ఇప్పుడిప్పుడే కన్సోల్స్‌కి చేరుతున్నాయి. పుణేలో తయారైన 'రాజీ' అనే గేమ్ 2020లో స్విచ్‌కి, పీసీకి, పీఎస్4కి, ఎక్స్‌బాక్స్‌కి వచ్చింది. 2023లో సోనీ మన డెవలపర్లకి సాయం చేసే ఇండియా హీరో ప్రాజెక్ట్ పెట్టింది. తెలుగు డబ్బింగ్ రావాలంటే మనవాళ్లు గేమ్‌లు డబ్బిచ్చి కొనాలి. క్రాక్ (దొంగ కాపీ) పెట్టుకుని "తెలుగు ఎందుకు లేదు" అని అడిగేవాళ్లకి నా దగ్గర జవాబు లేదు.

కొత్తది కొన్నాను. పాత పీఎస్4, పాత పీసీ ఏం చేయను?

పీఎస్4ని అమ్మేముందు అకౌంట్ నుంచి తీసేసి రీసెట్ చేయండి, లేకపోతే మీ లైబ్రరీ కొన్నవాడి ఇంట్లో ఉంటుంది. పాత పీసీ విండోస్ 10 మీద ఉంటే దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగింది. నెట్ బ్యాంకింగ్‌కి వద్దు, లినక్స్ వేసి పాత గేమ్‌లకి ఉంచుకోవచ్చు. నా తుప్పు పట్టిన పీఎస్4 హెచ్‌డీఎమ్ఐ పోర్టుని చివరికి కంచరపాలెంలో ఒక మొబైల్ రిపేరు కుర్రాడు గంటలో మార్చేశాడు. అది ఇప్పుడు మా అత్తగారింట్లో యూట్యూబ్ చూడటానికి పనిచేస్తోంది.